ఎనిమిది సెకన్ల తాళం, నెలన్నర సాధన

నవంబర్ చివరి శనివారం, రాత్రి తొమ్మిదిన్నర. ఆన్‌లైన్ గేమ్‌లో నా క్యారెక్టర్ బ్యాంకు లాకర్ గది తలుపు ముందు నిలబడి ఉంది. వెనక నలుగురు. బయట వ్యాన్‌లో డ్రైవర్. ఈ రాత్రి కోసం మూడు వారాలుగా సిద్ధమయ్యాం. హ్యాక్ చేసే పని నాది. స్క్రీన్ మీద కొన్ని గళ్లు వెలిగాయి, ఆరిపోయాయి. గుర్తున్న చోటల్లా నొక్కుతూ పోయాను. నాలుగో గడి తప్పు. గళ్లన్నీ ఎర్రబడ్డాయి, అలారం మోగింది. మొత్తం కలిపి ఎనిమిది సెకన్లు.

ఎవరూ తిట్టలేదు. మేం మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో కాసేపు ఎవరి గొంతూ వినిపించలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఉండే మా బావ, "పర్లేదురా, ఇంకోసారి చూద్దాం" అన్నాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆర్పీ, అంటే పాత్ర వేసి ఆడే రోల్‌ప్లే, అలవాటు లేనివాళ్లకి ఇంత బాధ ఎందుకో అర్థం కాకపోవచ్చు, అందుకని కొంచెం చెప్తాను. జీటీఏ ఫైవ్ 2013లో వచ్చింది, పీసీకి 2015లో. దానికి ఫైవ్‌ఎమ్ అనే అదనపు ప్రోగ్రామ్ తగిలిస్తే ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకోవచ్చు. అక్కడ ఆట అంటే కనిపించినవాళ్లని కాల్చుకుంటూ పోవడం కాదు. ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషిగానే మాట్లాడుతూ బతకాలి. ఒకరు మెకానిక్, ఒకరు డాక్టర్, ఒకరు పోలీసు. నా క్యారెక్టర్ అప్పుల్లో ఉన్న టీవీ రిపేర్ మనిషి. బ్యాంకు దోపిడీ లాంటి పెద్ద సంఘటన జరిగితే దాన్ని ఈవెంట్ అంటాం. ఆరుగురు దొంగలు, పదిమంది పోలీసులు, బందీలు, అంబులెన్స్ వాళ్లు, అంతా కలిపి పాతికమంది నిజం మనుషులు ఆ రెండు గంటలు దానికోసమే ఖాళీ చేసుకుని వస్తారు. మా డ్రైవర్ డల్లాస్‌లో ఉంటాడు. మాకు రాత్రి తొమ్మిదిన్నర అంటే అతనికి ఉదయం పది. శనివారం పొద్దున ఇంట్లో పనులన్నీ ముందే ముగించుకుని కూర్చున్నాడు. నా ఎనిమిది సెకన్లతో వాళ్లందరి రాత్రీ, పగలూ పోయింది.

గేమ్‌లోనే సాధన చేయొచ్చు కదా అని అడగొచ్చు. కుదరదు. మా సర్వర్‌లో ఆ బ్యాంకు ముట్టుకోవాలంటే కనీసం ఆరుగురు పోలీసులు డ్యూటీలో ఉండాలి. తలుపు కరిగించే థర్మైట్ కొనాలి, దానికి గేమ్ డబ్బు సంపాదించడానికే రెండు వారాలు పడుతుంది. ఒకసారి ప్రయత్నించాక అదే బ్యాంకు మళ్లీ చాలా రోజులు తెరవదు. అంటే హ్యాక్ చేసేటప్పుడు వచ్చే ఆ చిన్న ఆట, ఆ మినీ గేమ్, నెలకి ఒకసారి కనిపిస్తే గొప్ప. నెలకి ఒకసారి చేసే పనిలో ఎవరికీ చెయ్యి తిరగదు.

2021 ఫిబ్రవరిలో నోపిక్సెల్ అనే ఆర్పీ సర్వర్ కొత్త వెర్షన్ 3.0 మొదలైనప్పుడు ఇదే సమస్య వచ్చింది. అందులోని బ్యాంకు హ్యాక్‌లని ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌లో లక్షల మంది చూశారు. చూసినవాళ్లలో కొందరు ఆ మినీ గేమ్‌లనే మామూలు వెబ్ పేజీలుగా తయారుచేసి, ఎవరైనా బ్రౌజర్‌లో సాధన చేసుకునేలా పెట్టారు. మిగతా సర్వర్లు కూడా అలాంటి హ్యాక్‌లే పెట్టుకోవడంతో ఆ పేజీలు అందరికీ పనికొచ్చాయి. నేనూ ఆదివారం పొద్దున అలాంటి పేజీలతోనే మొదలుపెట్టాను. రెండు రోజుల్లో చిక్కు తెలిసింది. మా సర్వర్‌లో గళ్ల సంఖ్య వేరు, టైమ్ వేరు, నొక్కాల్సిన కీలు వేరు. వేరే తాళానికి చెయ్యి అలవాటు చేసుకుంటున్నాను.

అప్పుడు ఒక విషయం తెలిసి నాకు చాలా ఉత్సాహం వచ్చింది. ఫైవ్‌ఎమ్‌లో మినీ గేమ్‌లు ఆటలో భాగంగా గీసినవి కావు. ఆట మీద పారదర్శకంగా పరిచిన వెబ్ పేజీలు. లోపల క్రోమియం బ్రౌజర్ ఒకటి నడుస్తూ ఉంటుంది. తాళం తీసేటప్పుడు తిరిగే ముల్లు, వెలిగే గళ్లు అన్నీ హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. పని అయ్యాక గెలిచామా ఓడామా అన్న ఒక్క కబురు మాత్రం ఆటకి వెళ్తుంది. అంటే బ్రౌజర్‌లో సాధన చేయడం నకలు మీద చేయడం కాదు, అదే సరుకు మీద చేయడం. ఇంకో మాట కూడా తేలింది. పేజీ మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి ముల్లు వేగానికీ, సర్వర్ దాకా కబురు వెళ్లొచ్చే సమయానికీ (దాన్నే పింగ్ అంటారు) సంబంధం లేదు. "నాకు పింగ్ ఎక్కువ, అందుకే తప్పుతోంది" అని మా డల్లాస్ డ్రైవర్ ఏడాదిగా అనుకుంటున్నాడు.

నాకు జావాస్క్రిప్ట్ కాలేజీలో చదువుకున్నంత వచ్చు. సొంతంగా ఒక పేజీ రాద్దామనుకున్నాను. ముందు సర్వర్ నడిపేవాళ్లని అడిగాను. ఆటగాడు తన చేతికీ కంటికీ శిక్షణ ఇచ్చుకుంటే అభ్యంతరం లేదు, హ్యాక్‌ని తనే పూర్తిచేసే ప్రోగ్రామ్ వాడితే మాత్రం బ్యాన్ అన్నారు. నా అభిప్రాయమూ అదే. అవతల పోలీసు పాత్ర వేసేవాడు తన రెండు గంటలు మనకి ఇస్తున్నాడు. మనం తప్పొచ్చు అన్న అవకాశం ఉంటేనే అతని రావడానికి అర్థం.

మొదట లాక్‌పిక్, అంటే తాళం తీసే ఆట. ఒక వలయం, దాని చుట్టూ తిరిగే ముల్లు, వలయంలో ఒక చిన్న రంగు పట్టీ. ముల్లు పట్టీలో ఉన్నప్పుడు కీ నొక్కాలి. మా సర్వర్ వాడేది ఓఎక్స్ లిబ్ అనే స్క్రిప్ట్ కట్ట. అందులో సులువు స్థాయికి పట్టీ 50 డిగ్రీలు, మధ్యస్థానికి 40, కష్టానికి 25. వేగం తెలుసుకోవడానికి పాత రికార్డింగ్ తీసి ఫ్రేములు లెక్కపెట్టాను. సెకనుకి 60 ఫ్రేముల వీడియోలో ముల్లు ఒక చుట్టు తిరగడానికి 90 ఫ్రేములు పట్టింది. అంటే ఒకటిన్నర సెకను.

ఫ్రేముకి 4 డిగ్రీలు జరిపితే సరిపోతుందని రాశాను. నా లాప్‌టాప్‌లో చక్కగా తిరిగింది. బావకి పంపిస్తే, "ఏరా, ఇది ముల్లా, ఫ్యానా?" అన్నాడు. తన మానిటర్ 144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 ఫ్రేములు, నాది 60. ఫ్రేముకి 4 డిగ్రీలంటే నా దగ్గర సెకనుకి 240, అతని దగ్గర 576. ఒకే పేజీలో ఇద్దరం రెండు వేర్వేరు ఆటలు ఆడుతున్నాం. ఫ్రేముల్ని నమ్మడం మానేసి, గడిచిన మిల్లీసెకన్లని బట్టి ముల్లుని జరిపేలా మార్చాక ఇద్దరికీ ఒకేలా వచ్చింది. స్పేస్ నొక్కితే పేజీ కిందికి జారిపోవడం, కీ నొక్కి పట్టుకుంటే పదిసార్లు నొక్కినట్టు లెక్కపడటం లాంటి చిన్న చిన్నవి ఒక సాయంత్రంలో సరిచేశాను.

ఆ లెక్కలు రాస్తున్నప్పుడే నా అసలు తప్పు దొరికింది. సెకనుకి 240 డిగ్రీలు తిరిగే ముల్లు 25 డిగ్రీల పట్టీని దాటడానికి 104 మిల్లీసెకన్లు పడుతుంది. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి దాదాపు 250 మిల్లీసెకన్లు కావాలి. ఆ లోపు ముల్లు 60 డిగ్రీలు ముందుకి పోతుంది. పట్టీలోకి వచ్చాక చూసి నొక్కుదాం అనుకుంటే ఎంత చురుకైనవాడికైనా కుదరని పని. ఇన్నాళ్లూ నేను చేసింది అదే. ఇక్కడ కావాల్సింది చురుకుదనం కాదు, తాళం. భజనలో చిడతలు కొట్టేవాడు పాట విన్నాక కొట్టడు, పాటతో కలిసి కొడతాడు. ముల్లు వెంట కళ్లు తిప్పడం మానేసి పట్టీనే చూస్తూ, చుట్టు వేగాన్ని లోపల లెక్కేసుకుంటూ నొక్కడం మొదలుపెట్టాను. మొదటి రోజు పదింటికి మూడు తగిలాయి. వారం తిరిగేసరికి పదింటికి ఎనిమిది.

ఆ ఎనిమిదిలో ఒక మోసం ఉందని తర్వాత తెలిసింది. పట్టీ ఎక్కడ రావాలో యాదృచ్ఛికంగా ఎంచుకునే చోట 360 బదులు 180 రాశాను. కాబట్టి నా పేజీలో పట్టీ ఎప్పుడూ వలయం కుడి సగంలోనే వచ్చేది. గేమ్‌లో ఒక కారు తాళం తీయబోతే పట్టీ ఎడమ పక్క వచ్చింది. మూడుసార్లు వరసగా తప్పాను. సాధన పేజీ తప్పుగా ఉంటే తప్పునే బాగా నేర్చుకుంటాం. ఆ ఒక్క అంకె మార్చాక నా లెక్క పదింటికి ఐదుకి పడిపోయింది, మళ్లీ మొదటి నుంచి ఎక్కాల్సి వచ్చింది. అందుకే సొంతంగా పేజీ రాసుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీ ఆట యాభైసార్లు ఆడాక ఏది ఎక్కడ ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి లెక్కేసి చూసుకోండి.

రెండోది గళ్ల ఆట, ఆ రాత్రి నన్ను ఓడించినది. ఆరు వరసలు, ఆరు నిలువులు, 36 గళ్లు. అందులో 12 వెలుగుతాయి. ఐదు సెకన్లు చూడనిచ్చి ఆర్పేస్తుంది. వెలిగినవన్నీ గుర్తుపెట్టుకుని నొక్కాలి. రాయడం అరగంట పని. ఆడటమే నరకం. ఎంత ప్రయత్నించినా ఏడు దాటలేదు. జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లోనే చెప్పాడు, మనం అప్పటికప్పుడు గుర్తుంచుకోగలిగేది ఏడు అంశాలు, రెండు అటూ ఇటూగా. అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది. ఆ ఏడు ఎంత పెద్ద ముద్దలన్నది మన చేతిలో ఉంది. అంటే గళ్లని విడివిడిగా కాకుండా ఆకారాలుగా చూడాలి. చదవడానికి బాగానే ఉంది. 12 గళ్లు చిందరవందరగా వెలిగితే అందులో ఏ ఆకారం చూడను?

జవాబు మా ఇంట్లోనే దొరికింది. ధనుర్మాసం మొదలైన కొత్తల్లో ఒక సాయంత్రం వరండాలో కూర్చుని ఆడుతున్నాను. అమ్మ ముగ్గు డబ్బా పక్కన పెట్టి, నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"ఏంట్రా అది, చుక్కలా?"

"గళ్లమ్మా. వెలిగినవి గుర్తుపెట్టుకోవాలి."

"ఏదీ, నన్ను చూడనియ్యి."

ఐదు సెకన్లు చూసింది. మౌస్ అలవాటు లేదు కాబట్టి వేలితో చూపిస్తే నేను నొక్కాను. పన్నెండుకి పదకొండు. రెండోసారి పన్నెండుకి పన్నెండు. నేను మూడు వారాలుగా ఏడు దగ్గర ఆగిపోయి ఉన్నాను.

ఎలా చేశావమ్మా అని అడిగితే మొదట చెప్పలేకపోయింది. ఎప్పుడూ చేసే పని ఎలా చేస్తామో మాటల్లో పెట్టడం కష్టం. మళ్లీ నాలుగైదుసార్లు ఆడించి, మధ్యలో ఆపి అడుగుతూ పోతే నెమ్మదిగా బయటికొచ్చింది. అన్నీ ఒకేసారి చూడదట. ముందు మధ్యలో చూస్తుందట. "ముగ్గు మధ్య నుంచేగా పెరిగేది. మధ్యలో ఏముందో చూసి, ఇటు ఉన్నది అటు కూడా ఉందా అని చూస్తా. ఇటు ఉండి అటు లేకపోతే అది గుర్తుండిపోతుంది, ముగ్గు తప్పినట్టు ఉంటుంది కాబట్టి." సమంగా ఉన్నచోట ఒక వైపు గుర్తుంటే రెండో వైపు దానంతటదే వస్తుంది. కుదరని చోటు మాత్రం కంట్లో గుచ్చుకుంటుంది. పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వచ్చేవరకు పెట్టే ముగ్గుల్ని పత్రికలో ఒకసారి చూసి, మర్నాడు తెల్లవారుజామున చీకట్లో వాకిట్లో వేసే మనిషికి 36 గళ్లు ఒక లెక్కా?

ఆ పద్ధతి పట్టుకున్నాక నా స్కోరు రోజుకి ఒకటి చొప్పున పెరిగింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఎక్కువ సేపు ఆడితే లాభం లేదని కూడా తెలిసింది. రోజుకి ఇరవై నిమిషాలు దాటితే తప్పులు పెరుగుతాయి. రాత్రి ఎంతకీ రానిది పొద్దున మొదటిసారికే వచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

మూడో ఆట నాకు అన్నిటికంటే ఇష్టం. నాలుగు గళ్లు. ప్రతి గడిలో ఒక ఆకారం, దాని వెనక ఒక రంగు, దాని మీద ఒక రంగు పేరు ఇంకో రంగుతో రాసి ఉంటుంది. "రెండో గడి వెనక రంగు, నాలుగో గడిలో రాసిన మాట" అని అడుగుతుంది. టైమ్ లోపల టైప్ చేయాలి. నీలం సిరాతో ఎరుపు అని రాసి ఉంటే, సిరా రంగు చెప్పమన్నా నోటికి ఎరుపే వస్తుంది. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో దీని మీద పరిశోధన పత్రం రాశాడు, అందుకే స్ట్రూప్ ప్రభావం అంటారు. మనకి చదవడం అంత అలవాటైపోయింది, వద్దన్నా చదివేస్తాం.

సరదాగా తెలుగు అక్షరాల్లో ఒక స్థాయి పెట్టాను. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. నాకు ఇంగ్లీష్ కంటే తెలుగు స్థాయి చాలా కష్టమైంది. బావకి సరిగ్గా తిరగబడింది. మొదటి నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. తెలుగు మాట చదివే లోపే సిరా రంగు చెప్పేసేవాడు. ఏ భాష మనలో ఎంత లోతుగా దిగిందో ఒక చిన్న ఆట పట్టిచ్చేస్తుంది. ఆ రోజు బావ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా పాపకి తెలుగు నువ్వు నేర్పించరా" అన్నాడు. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టాం.

ఇదే ఆట మా డల్లాస్ డ్రైవర్‌కి ఇంకో సంగతి చెప్పింది. తప్పులన్నీ ఏ రంగు దగ్గర జరుగుతున్నాయో పేజీలో రాసుకునే ఏర్పాటు చేశాను. అందరి తప్పులూ అక్కడక్కడా చెదిరి ఉంటే, అతనివి మాత్రం ఆకుపచ్చ, గోధుమ, నారింజ దగ్గరే పోగుపడ్డాయి. నీలం, పసుపుల్లో ఒక్క తప్పు లేదు. చెప్పడానికి జంకాను, కానీ చెప్పాను. చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే ఇషిహారా పరీక్ష చేయించుకున్నాడు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని దృష్టి అని తేలింది. ముప్పై ఏళ్లు దాటాయి, ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు. "చిన్నప్పుడు పటాలకి రంగులు తప్పు వేశానని టీచర్ కొట్టేవారు, ఇప్పుడు అర్థమైంది" అన్నాడు. సర్వర్ నడిపేవాళ్లకి చెప్తే హ్యాక్‌లోని రెండు రంగులు మార్చారు.

డిసెంబర్ చివరికి నా అంకెలు బాగున్నాయి. లాక్‌పిక్ పదింటికి తొమ్మిది, గళ్లు పన్నెండుకి పదకొండు, రంగులు పదింటికి తొమ్మిది. పెద్ద ఈవెంట్‌కి ముందు ధైర్యం కోసం ఒక చిన్న నగల దుకాణం దోపిడీ పెట్టుకున్నాం. మళ్లీ తప్పాను.

రికార్డింగ్ ఐదారుసార్లు చూశాను. గళ్లు వెలిగిన క్షణంలో బయట నుంచి పోలీసు మైకులో అడిగాడు, "లోపల ఎంతమంది ఉన్నారండీ? ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" నేను క్యారెక్టర్‌గా జవాబు చెప్పాను. చెప్పి తల తిప్పేసరికి గళ్లు ఆరిపోయాయి. ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చుని పదకొండు చేసే మనిషి, ఒక్క ప్రశ్న పడేసరికి నాలుగు దగ్గర ఆగిపోయాడు. ఆర్పీలో మాట్లాడకుండా ఉంటే కుదరదు, మాట్లాడటమే ఆట. నేను వేలికీ కంటికీ నేర్పాను, నోటితో కలిపి నేర్పలేదు.

ఎనిమిదో తరగతిలో ఉండగా తాతయ్య నన్ను పిఠాపురంలో అష్టావధానానికి తీసుకెళ్లారు. పద్యాలు నాకు పెద్దగా అర్థం కాలేదు. ఒకాయన మాత్రం బాగా గుర్తుండిపోయారు. అవధాని గారు, ఒక్కో అక్షరం వద్దంటుంటే దాన్ని తప్పించి పద్యం అల్లే నిషిద్ధాక్షరి పూరిస్తుంటే మధ్యలో దూరి, సంబంధం లేని ప్రశ్నలు అడిగేవారు. ఆ పని పేరే అప్రస్తుత ప్రసంగం. ఆయనకి నవ్వించే జవాబు చెప్పి, అవధాని గారు తన పాదంలో ఎక్కడ ఆగారో అక్కడి నుంచే అందుకునేవారు. మరోపక్క ఎవరో గంట కొడుతుంటే, ఎన్ని కొట్టారో చివర్లో చెప్పేవారు. "ఆయన బుర్రలో గదులుంటాయిరా. ఈ గదిలో మాట ఆ గదిలోకి పోదు" అన్నారు తాతయ్య. ఆ మాట పదేళ్ల తర్వాత పనికొచ్చింది.

పేజీకి గంట తగిలించాను. ఆడుతుండగా ఎప్పుడు పడితే అప్పుడు మోగుతుంది, చివర్లో ఎన్ని మోగాయో టైప్ చేయాలి. అది తప్పితే గళ్లన్నీ సరిగ్గా నొక్కినా ఆ ఆట లెక్కలోకి రాదు. మొదట గంట అసలు మోగలేదు. పేజీలో ఒకసారి క్లిక్ చేసేదాకా బ్రౌజర్ శబ్దం రానివ్వదు, అందుకని మొదలు బటన్ ఒకటి పెట్టాను. అప్రస్తుత ప్రసంగానికి కోడ్ ఎందుకు, బావ ఉన్నాడు. రోజూ రాత్రి పది నిమిషాలు డిస్కార్డ్‌లో పోలీసులా నాకు ప్రశ్నలు వేసేవాడు. "మీ పేరేంటి? రాత్రి ఏం తిన్నారు? మీ వీధిలో కిరాణా కొట్టు పేరు చెప్పండి." నేను ఆడుతూనే క్యారెక్టర్‌గా జవాబు చెప్పాలి, అది కూడా పొడి మాటల్లో కాదు, వినేవాడికి నమ్మకం కలిగేలా.

మొదటి రాత్రి పన్నెండుకి మూడు. నిశ్శబ్దంలో వచ్చిన తొమ్మిదులు, పదకొండులు ఇక్కడ దేనికీ పనికిరాలేదు. మెల్లగా ఒక కిటుకు దొరికింది. గళ్లు వెలిగిన ఐదు సెకన్లలో జవాబు ఇవ్వకూడదు, జవాబుని వాయిదా వేసే మాట ఒకటి ఇవ్వాలి. "చెప్తానండీ, ఒక్క నిమిషం, ఈ అమ్మాయికి మంచినీళ్లు ఇస్తున్నాను" అంటే అవతలివాడికి కథ దొరుకుతుంది, నాకు ఐదు సెకన్లు దొరుకుతాయి. అలాంటి మాటలు ఓ పదిహేను ముందే నోటికి అలవాటు చేసుకున్నాను. ఆ పదిహేను మాటలు నా క్యారెక్టర్‌ని కూడా మార్చేశాయి. బందీలకి మంచినీళ్లిచ్చే, వాళ్ల పిల్లల గురించి అడిగే దొంగగా తయారయ్యాడు.

సంక్రాంతి వెళ్లిన శనివారం, అదే బ్యాంకు. గళ్లు వెలిగాయి. మధ్యలో నాలుగు, కుడి పక్క రెండు, ఎడమ పక్క వాటికి జోడీ ఒక్కటే. అది గుచ్చుకుంది. బయట నుంచి పోలీసు గొంతు. "లోపల ఎవరైనా పెద్దవాళ్లు ఉన్నారా? మందులేమైనా కావాలా?" చూపు తిప్పకుండా అన్నాను, "ఉన్నారండీ, పెద్దాయనొకరు. ఏ మాత్ర వేసుకుంటారో అడిగి చెప్తాను, లైన్‌లోనే ఉండండి." పన్నెండో గడి నొక్కాక తలుపు తెరుచుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వెనక నలుగురూ అరుస్తుంటే, బందీగా కూర్చున్న పెద్దాయన పాత్రధారి అడిగాడు, "బాబూ, నా మాత్ర సంగతి ఏం చేశావు?" నిజంగానే అడగడానికి వెళ్లాను. ఆ మాత్ర మీదే ఇరవై నిమిషాలు బేరం నడిచింది. చివరికి హార్బర్ దగ్గర దొరికిపోయాం. తప్పు ముల్లు ఆటలో కాదు, డ్రైవర్ వ్యాన్‌ని స్తంభానికి కొట్టాడు. జైల్లో కూర్చుని రాత్రి ఒంటిగంట దాకా ఆడాం. ఆ పోలీసు పాత్రధారి తర్వాత మెసేజ్ పెట్టాడు, తన రెండేళ్ల ఆర్పీలో బాగా గుర్తుండే రాత్రుల్లో ఇదొకటని.

ఇప్పుడు ఆ పేజీ మా సర్వర్‌లో పదిహేనుమంది దాకా వాడుతున్నారు. కొత్తగా వచ్చేవాళ్లకి లింక్‌తో పాటు, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేయించుకోండి అని కూడా చెప్తున్నాను. స్కోర్లు ఎక్కడా సర్వర్‌లో దాచడం లేదు. ఎవరి బ్రౌజర్‌లో వాళ్ల లోకల్ స్టోరేజ్‌లో ఉంటాయి. సైట్ డేటా తుడిచేస్తే అవీ పోతాయి, బావవి ఒకసారి అలాగే పోయాయి.

అమ్మ కోసం ఏడు వరసలు, ఏడు నిలువులతో ఒక స్థాయి పెట్టాను. గళ్ల బదులు చుక్కలు. కనుమ రోజు మధ్యాహ్నం, వంటింట్లోంచి పిన్ని గారెల పిండి గురించి ఏదో అడుగుతుంటే జవాబు చెప్తూనే పదిహేడుకి పదిహేడు చూపించింది. ఆ అంకె పక్కన "అమ్మ" అని ఉంటుంది. ఈ లాప్‌టాప్ నెమ్మదించింది, అంతా తుడిచి మళ్లీ విండోస్ వేయించాలి. ముందు ఆ స్కోర్లు వేరే ఫైల్‌లోకి ఎక్కించే బటన్ రాస్తున్నాను.